పార్మా గొంతులో లెనిన్‌గ్రాడ్

(నెలవారీ సంగీత సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని టైపు చేసినది. మధ్యలో వినిపించిన పాటల ముక్కలు ఇందులో లేవు.)

అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం ఏమిటో చూసుకుని వచ్చినవాళ్ళు కొందరు, చూసుకోకుండా వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారని మీ మొహాలు చూస్తేనే తెలుస్తోంది. పోయిన నెల అన్నమయ్య, ఈ నెల డెత్ మెటల్. ముందుగా నిర్వాహకుల ధైర్యానికి ఒక దండం.

డార్క్ లునాసీ అని ఒక బ్యాండు. ఇటలీ వాళ్ళు, పార్మా ఊరివాళ్ళు. 1997లో మొదలుపెట్టారు. మెలోడిక్ డెత్ మెటల్ వాయిస్తారు. పెద్ద బ్యాండు కాదు. స్టేడియాలు నింపింది లేదు, మెటల్ వినేవాళ్ళలోనే సగం మందికి ఈ పేరు తెలియదు. మరి వీళ్ళ గురించి గంటసేపు ఎందుకు? ఒక్క ఆల్బమ్ కోసం. 2006లో వచ్చిన ‘ద డయరిస్ట్’. ఆ ఆల్బమ్ దాకా వాళ్ళు ఎలా వచ్చారు, అక్కడి నుంచి ఎటు పోయారు, అదే ఇవాళ్టి కథ. పనిలో పనిగా ఒక పాత అభిప్రాయం కూడా మీ ముందు పెడతాను: ఈ రకం సంగీతంలో అరుపు ఎప్పుడూ విషయం కన్నా పెద్దదిగా ఉంటుంది. గొంతు చించుకుంటారు, తీరా చూస్తే ఏదో సొంత చిరాకు. ఈ ఒక్క ఆల్బమ్‌లో మాత్రం విషయం అరుపు కన్నా పెద్దది.

సరే, అలవాటు లేనివాళ్ళ కోసం రెండు మాటలు. డెత్ మెటల్ 1980ల్లో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లారిడాలో గట్టిపడింది. డెత్, మార్బిడ్ ఏంజెల్ లాంటి బ్యాండ్లు. గిటార్‌ని కిందికి శ్రుతి చేస్తారు, డ్రమ్స్ పిచ్చి వేగం, గొంతు గరగర. దాన్ని గ్రోల్ అంటారు. నవ్వకండి, అదీ ఒక సాధనే. అసలు స్వరతంతువుల పైన ఇంకో జత మడతలు ఉంటాయి, వాటిని అదిరించి ఆ శబ్దం తీస్తారు. పద్ధతి తెలియకుండా చేస్తే నాలుగు రోజుల్లో గొంతు పోతుంది. మన సురభి వాళ్ళ నాటకంలో మాయల ఫకీరు గొంతు గుర్తుందా? ఆ మాట తీరునే పాటంతా నిలబెట్టాలి అనుకోండి.

తర్వాత 1990ల మధ్యలో స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ అనే రేవు పట్నంలో కుర్రాళ్ళు ఒక పని చేశారు. ఆ గొంతు అలాగే ఉంచి, గిటార్లకి రాగం ఇచ్చారు. ఎట్ ద గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్. 1995, 96 ప్రాంతాల్లో వీళ్ళ ఆల్బమ్‌లు వరసగా వచ్చి పడ్డాయి. రెండు గిటార్లు ఒకే బాణీని రెండు స్థాయిల్లో కలిపి వాయిస్తాయి. వాళ్ళు మైనర్ స్కేల్ అనేది మనకి నటభైరవి. అందులో నిషాదాన్ని కాకలి చేస్తే కీరవాణి. రాగం గురించి అంటున్నాను, ఆస్కార్ తెచ్చిన కీరవాణి గారి గురించి కాదు! కాబట్టి ఆ డ్రమ్స్ చప్పుడు వెనక్కి నెట్టి ఒక్క గిటార్‌నే పట్టుకోండి, మీ చెవికి అది పరాయి సంగీతంగా ఉండదు. ఇందాక వినిపించిన ముక్కలో ముందు వరసలో ఒకాయన తలాడించారు, చూశాను.

ఇప్పుడు ఇటలీకి వద్దాం. స్వీడన్ నుంచి ఈ గాలి ఇటలీకి వచ్చేసరికి ఏమైంది? ఇటలీవాడి చేతికి ఏ సంగీతం ఇచ్చినా వెనకాల ఒక ఆర్కెస్ట్రా పెడతాడు. పెట్టకపోతే తోచదు. త్రియెస్తే నుంచి రాప్సొడీ అని ఒక బ్యాండు కత్తులు, డ్రాగన్లు, సినిమా స్థాయి వాద్యబృందంతో 1997లోనే మొదటి ఆల్బమ్ తెచ్చింది. పెరూజియా నుంచి ఫ్లెష్‌గాడ్ అపోకలిప్స్ వాళ్ళు తర్వాత వచ్చి డెత్ మెటల్‌కి ఏకంగా ఒపేరా గొంతు తగిలించారు. టూరిన్ పక్కన డిసార్మోనియా ముండి ఉంది, వాళ్ళు మాత్రం స్వీడన్ దారినే పోయి స్వీడన్ గాయకుణ్ణే తెచ్చుకున్నారు. సాయిల్‌వర్క్ బ్యాండులోని బ్యోర్న్ స్ట్రిడ్. మంచి బ్యాండే, దాని గురించి ఇంకోసారి.

పార్మా అంటే మనవాళ్ళకి చీజ్ గుర్తొస్తుంది. సంగీతం తెలిసినవాళ్ళకి వెర్ది గుర్తొస్తాడు. ఒపేరా మహానుభావుడు జుసెప్పె వెర్ది 1813లో పుట్టింది పార్మా దగ్గరి పల్లెలోనే. ఆ ఊళ్ళో తియాత్రో రేజియో అని ఒపేరా థియేటర్ ఉంది, 1829లో తెరిచారు. దాని పై గ్యాలరీలో కూర్చునే జనానికి ఇటలీ అంతటా పేరు. చవక టికెట్టు కొనుక్కుని, ఒపేరా మొత్తం కంఠతా పట్టి వస్తారు. గాయకుడు ఒక్క స్వరం తప్పాడా, అక్కడికక్కడే ఈలలు, కేకలు. ఎంతటి పేరున్నవాడైనా అక్కడ పాడాలంటే టెన్షనే. ఇంకొకాయన కూడా అదే ఊరివాడు. ఆర్తురో తోస్కనీని, అంటే ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరు, 1867లో పుట్టాడు. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

అలాంటి ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు డెత్ మెటల్ బ్యాండు పెట్టారు. గొంతు మైక్ లునాసీది, గిటార్ ఎనోమిస్‌ది. రెండూ పెట్టుకున్న పేర్లే, ఈ రంగంలో అది మామూలు. 2000లో మొదటి ఆల్బమ్ ‘డివాయిడ్’, 2003లో ‘ఫర్గెట్ మి నాట్’. తమ సంగీతానికి వాళ్ళే ఒక పేరు తగిలించుకున్నారు, డ్రమాటిక్ డెత్ మెటల్ అని. కొంచెం ఎక్కువగా అనిపించిందా? నాకూ అనిపించింది. కానీ వింటే అర్థం ఉంది. ఈ రెండు ఆల్బమ్‌లలో వయొలిన్లు, చెల్లో కలిసిన తీగవాద్యాల బృందం ఉంటుంది. అప్పటికి మెటల్‌లో వయొలిన్ కొత్తేమీ కాదు. చాలామంది కీబోర్డు మీద ఒక బటన్ నొక్కి వయొలిన్ అనిపిస్తారు, పాటకి వెనక పరదాలా కడతారు. వీళ్ళ దగ్గర అలా కాదు. గిటార్ ఆగిపోతుంది, డ్రమ్స్ ఆగిపోతాయి, తీగలు మాత్రమే మిగిలి పాటని మోస్తాయి. తర్వాత గొంతు వచ్చి వాటి మీద పడుతుంది. ‘సెరెనిటీ’ అనే పాట వినండి, నేను చెప్పేది తెలుస్తుంది.

అయితే అప్పటికి వాళ్ళ విషయం ఏమిటి? దుఃఖం, ఒంటరితనం, మృత్యువు. ఈ రంగంలో అందరి విషయాలూ అవే. సంగీతం బాగుంది, ఏడుపు బాగుంది, ఎవరి కోసం ఏడుస్తున్నారో తెలియదు. ఒక్క గుర్తు మాత్రం మొదటి ఆల్బమ్‌లోనే ఉంది. అందులో ఒక పాట పేరు ‘స్టాలిన్‌గ్రాడ్’, రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద పోరు జరిగిన రష్యా ఊరు. మనసు తూర్పు వైపు లాగుతోందని అప్పుడే తెలిసిపోయింది.

2006లో ఆ లాగుడు ఊరు పేరు చెప్పింది. లెనిన్‌గ్రాడ్.

ఇక్కడ కాసేపు ఆగుదాం. మీలో వయసున్నవాళ్ళకి ఈ ఊరు కొత్త కాదు. విశాలాంధ్ర పుస్తకాల బండిలో రెండు మూడు రూపాయలకు సోవియట్ పుస్తకాలు కొనుక్కుని చదివినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది. కుర్రవాళ్ళ కోసం చెబుతాను, రష్యాలో ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నది ఈ ఊరినే. 1941 సెప్టెంబర్ 8న జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌కి నేల దారులన్నీ మూసేసింది. అటు ఉత్తరాన ఫిన్లండ్ సైన్యం. ముట్టడి పూర్తిగా తొలగింది 1944 జనవరి 27న. 872 రోజులు. ఊరిని గెలవడం కన్నా ఆకలితో చంపడమే మేలని జర్మన్లు నిర్ణయించుకున్నారు. సోవియట్ ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం చనిపోయిన పౌరులు 6 లక్షల 32 వేలు. తర్వాతి చరిత్రకారులు 8 లక్షలకు పైనే అంటారు. ఎక్కువమంది బాంబులకి పోలేదు, ఆకలికి పోయారు.

మొదటి చలికాలం, 1941 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా, ఫ్యాక్టరీ కార్మికుడికి రోజుకి 250 గ్రాముల రొట్టె. మిగతావాళ్ళకి, అంటే గుమాస్తాలకి, ముసలివాళ్ళకి, పిల్లలకి 125 గ్రాములు. అదైనా అచ్చంగా పిండి కాదు. చెక్క నుంచి తీసిన సెల్యులోజు, పత్తిగింజల పిండి, గోదాము నేల ఊడ్చిన పొడి అందులో కలిసేవి. తడితడిగా, బరువుగా ఉండేది కాబట్టి 125 గ్రాములంటే చేతిలో చిన్న ముక్క. రోజంతటికీ అదే.

ఆ ఊళ్ళో డైరీలు రాశారు. ఆశ్చర్యంగా లేదూ? చేతిలో పెన్సిలు పట్టే ఓపిక లేని రోజుల్లో రాశారు. వాటిలో అందరికన్నా పేరున్నది తాన్యా సవిచేవా అనే పదకొండేళ్ళ పాపది. అక్క వాడి వదిలేసిన చిన్న నోటుబుక్కు, అక్షరాల వరసలో పేజీలున్నది. ఇంట్లో ఎవరు చనిపోతే వాళ్ళ పేరులోని మొదటి అక్షరం పేజీలో తేదీ, టైము రాసింది. అక్క జెన్యా, డిసెంబర్ 28. బామ్మ, జనవరి 25. అన్న, నాన్న అన్నదమ్ములు ఇద్దరు. మే 13న అమ్మ. చివరి పేజీల్లో: సవిచేవ్‌లు చనిపోయారు, అందరూ చనిపోయారు, తాన్యా ఒక్కతే మిగిలింది. మొత్తం తొమ్మిది చిన్న పేజీలు. పాపని ఊరి నుంచి బయటికి తరలించారు గానీ 1944 జులైలో తనూ పోయింది.

‘ద డయరిస్ట్’ ఆ పాప కథే అని నేను అనడం లేదు. కానీ లెనిన్‌గ్రాడ్ గురించి ఆల్బమ్ చేసి దానికి ఆ పేరు పెడితే, తెలిసినవాడికి ముందు గుర్తొచ్చేది ఆ నోటుబుక్కే. పాటల పేర్లు చూడండి. ‘ఆరోరా’. ఆ ఊరివాళ్ళకి అది యుద్ధనౌక పేరు, 1917 విప్లవంలో ఫిరంగి పేల్చిన నౌక. యుద్ధంలో దాని ఫిరంగులు ఊడదీసి ఒడ్డున పెట్టి జర్మన్ల మీద పేల్చారు. ‘పుల్కోవో 1945’. పుల్కోవో అంటే లెనిన్‌గ్రాడ్‌కి దక్షిణాన ఉన్న గుట్ట, దాని మీద నక్షత్రశాల. యుద్ధ సరిహద్దు దాని మీదుగానే పోయింది, నక్షత్రశాల నేలమట్టం అయింది. ‘స్నోడ్రిఫ్ట్స్’. ‘హార్ట్ ఆఫ్ లెనిన్‌గ్రాడ్’. ‘మదర్‌లాండ్’. ‘ఆన్ మెమరీస్ వైట్ స్లే’. ఆ చివరి పేరు దగ్గర నేను ఆగిపోయాను. మంచు మీద లాగే బండి. ముట్టడి రోజుల్లో ట్రాములు ఆగిపోయాక, పిల్లలు ఆడుకునే చిన్న బండి మీదే నీళ్ళు తెచ్చుకున్నారు, దుప్పట్లో చుట్టిన శవాన్నీ దాని మీదే శ్మశానానికి లాక్కెళ్ళారు. ఇటలీలో కూర్చుని ఆ వస్తువుని పట్టుకోవాలంటే ఊరికే పుస్తకం అట్ట చూస్తే సరిపోదు, లోపలికి వెళ్ళి చదవాలి.

సంగీతంలో ఏం మారింది? తీగవాద్యాలు వెనక్కి తగ్గాయి, బృందగానం ముందుకొచ్చింది. రష్యన్ తరహా మగగొంతుల కోరస్, ఎర్రసైన్యం పాటల్లో వినపడేది. దాని పక్కన మైక్ గ్రోల్. ఇప్పుడు ఒక ప్రశ్న. వందమంది కలిసి శుద్ధంగా పాడుతుంటే ఒకడు గరగరమంటే ఏమనిపించాలి? రసభంగం అనిపించాలి కదా. అనిపించదు. కోరస్ దేశం గొంతు. గ్రోల్ ఒక్క మనిషిది, ఆకలిగా ఉన్న మనిషిది, అందంగా పాడే ఓపిక లేనిది. రెండూ ఒకే పాటలో ఉంటేనే ఆ ఊరు పూర్తవుతుంది. నేను మొదట చెప్పింది ఇదే. ఇక్కడ అరుపుకి కారణం దొరికింది.

ఆ ఊరి చప్పుళ్ళ గురించి ఇంకొకటి చెప్పాలి, డ్రమ్స్ వాయించే కుర్రాడెవరైనా ఉంటే వినండి. ముట్టడిలో ఊరంతా వీధుల్లో లౌడ్‌స్పీకర్లు ఉండేవి. రేడియోలో కార్యక్రమం లేనప్పుడు మెట్రొనోమ్ శబ్దం వేసేవారు. టక్, టక్. నిమిషానికి 50 దెబ్బలు పడుతుంటే అంతా మామూలు. 150కి పెరిగితే విమానాలు వస్తున్నాయి, దాక్కోండి అని. జనం లయ వేగం విని ప్రాణం కాపాడుకున్నారు. డెత్ మెటల్ డ్రమ్స్‌కి 150 అంటే నిదానం కిందే లెక్క. కానీ ఈ విషయం తెలిశాక, ఈ ఆల్బమ్‌లో నడక మెల్లగా ఉండి ఉన్నట్టుండి వేగం అందుకున్న ప్రతిచోటా నాకు ఆ లౌడ్‌స్పీకరే వినిపిస్తుంది. వాళ్ళు అలా అనుకుని చేశారో లేదో, అది నా చెవి గోల.

సరే, తోస్కనీని. మర్చిపోలేదుగా? షోస్తకోవిచ్ అనే రష్యన్ స్వరకర్త రాసిన ఏడో సింఫనీ, లెనిన్‌గ్రాడ్ సింఫనీ అంటారు. లెనిన్‌గ్రాడ్‌లోనే చాలావరకు రాశాడు, ఆయన్ని బయటికి తరలించాక కూయ్‌బిషెవ్ అనే ఊళ్ళో పూర్తి చేశాడు, 1942 మార్చిలో అక్కడే మొదట వినిపించారు. స్వరప్రతిని మైక్రోఫిల్ములో పెట్టి టెహరాన్, కైరో మీదుగా అమెరికా పంపారు. 1942 జులై 19న న్యూయార్క్ రేడియోలో దాన్ని వినిపించింది ఎవరు? పార్మా మనిషి, తోస్కనీని. అప్పటికి ఆయన ముసోలిని దేశం వదిలేసి వచ్చేశాడు. 1931లో బొలోన్యాలో ఫాసిస్టు గీతం వాయించనన్నందుకు చెంపదెబ్బలు తిన్న మనిషి ఆయన.

అంటే లెనిన్‌గ్రాడ్ కన్నా ముందే ఆ సింఫనీని అమెరికా విన్నది. లెనిన్‌గ్రాడ్ విన్నది ఆగస్టు 9న. కార్ల్ ఎలియాస్‌బర్గ్ అనే కండక్టరు, రేడియో ఆర్కెస్ట్రా. మొదటి రిహార్సల్‌కి వాయించగలిగినవాళ్ళు ఓ పదిహేను మంది వచ్చారు. మిగిలినవాళ్ళు చచ్చిపోయారు, లేదా మంచాన ఉన్నారు. సైన్యం నుంచి బాకా ఊదేవాళ్ళని పిలిపించారు. డ్రమ్ వాయించే జౌదత్ అయిదారోవ్ చనిపోయాడని చెబితే ఎలియాస్‌బర్గ్ శవాల గదికి వెళ్ళి వెతికి, వేళ్ళు కదలడం చూసి తీసుకొచ్చాడని చెప్పుకుంటారు. కచేరీ రోజు జర్మన్ ఫిరంగులు నోరెత్తకుండా రష్యన్ ఫిరంగులు ముందే వాటి మీద విరుచుకుపడ్డాయి. లౌడ్‌స్పీకర్లలో సింఫనీ శత్రువు కందకాల దాకా వినిపించారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? 2006లో పార్మా కుర్రాళ్ళు లెనిన్‌గ్రాడ్ మీద సంగీతం చేశారంటే, ఆ ఊరికి అది మొదటిసారి కాదు. ఇంకోటి. 1922 ఆగస్టులో ఫాసిస్టు మూకలు పార్మా మీదికి వస్తే పేదల పేట జనం వీధుల్లో అడ్డుగోడలు కట్టి వాళ్ళని వెనక్కి పంపారు. వాళ్ళకి గుయిదో పిచెల్లి నాయకుడు. ఇటలీలో ఎర్ర ప్రాంతం అని పేరున్న నేల అది. రష్యా పేరు వింటే అక్కడ ముసలివాళ్ళ కళ్ళలో ఇంకో రకం వెలుగు ఉంటుంది. బ్యాండుకి ఇదే కారణం అని నేను చెప్పను, కానీ ఆ ఊరి గాలిలో ఇది ఉంది.

రెండో వైపు కూడా ఉంది, అది మర్చిపోతే అబద్ధం చెప్పినట్టు. ఆ యుద్ధంలో ఇటలీ ఎటువైపు? హిట్లర్ వైపు. 1942లో రష్యా మీదికి వెళ్ళిన ఇటలీ సైన్యం 2 లక్షలకు పైమాటే. డాన్ నది దగ్గర దెబ్బతిని, మంచులో నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. వేలవేల మంది రాలేదు. లెనిన్‌గ్రాడ్ విషయంలో ఇంకా సూటిగా: ముట్టడిలో ఊరికి తిండి చేరిన ముఖ్యమైన దారి లదోగా సరస్సు. చలికాలం గడ్డకట్టిన మంచు మీద లారీలు, ఎండాకాలం పడవలు. ఆ పడవలని ముంచడానికి 1942 వేసవిలో నాలుగు చిన్న టార్పీడో బోట్లు ఆ సరస్సుకి చేరాయి. ఎవరివి? ఇటలీ నౌకాదళానివి. ఆల్ప్స్ దాటించి, రోడ్డు మీద లాక్కెళ్ళి మరీ దింపారు. అంటే తాతల కాలంలో ఆ రొట్టెముక్కని ఆపడానికి వెళ్ళిన దేశం, మనవల కాలంలో ఆ రొట్టెముక్క గురించి పాడుతోంది. ఆల్బమ్‌లో ఈ మాట ఎక్కడా పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేదు కూడా.

దూరం నుంచి ఆ యుద్ధాన్ని పాడినవాళ్ళు మనకీ ఉన్నారు. శ్రీశ్రీ ‘గర్జించు రష్యా’ అన్నాడు కదా. అది పోరాడేవాణ్ణి ఉసిగొల్పే గొంతు. ‘ద డయరిస్ట్’ అరవై ఏళ్ళ తర్వాత లెక్క రాసుకునే గొంతు. రెండూ కావాలి, కానీ రెండూ ఒకటి కాదు. ఇక్కడే ఈ బ్యాండు తర్వాతి కథ మీద నాకు చిన్న ఫిర్యాదు ఉంది.

‘ద డయరిస్ట్’ తర్వాత ఎనోమిస్ వెళ్ళిపోయాడు. బాణీల్లో అతని చెయ్యి ఎంతుందో అతను పోయాకే అందరికీ తెలిసింది. వాయించేవాళ్ళు మారుతూ వచ్చారు, మైక్ లునాసీ మాత్రం నిలబడ్డాడు. 2010లో ‘వీవర్ ఆఫ్ ఫర్గాటెన్’ వచ్చింది. పొడవాటి పాటలు, బరువైన వాద్యబృందం, అక్కడక్కడా చాలా బాగుంటుంది, మొత్తంగా అలసట. 2014లో ‘ద డే ఆఫ్ విక్టరీ’. మళ్ళీ రష్యా, మళ్ళీ యుద్ధం, కానీ ఈసారి పేరులోనే విజయం ఉంది. కోరస్ పెద్దదైంది, జెండా పెద్దదైంది, మనిషి చిన్నవాడయ్యాడు. డైరీ రాసే చెయ్యి కనపడదు. పైగా 2014 అంటే ఏ సంవత్సరం? రష్యా క్రిమియాని కలిపేసుకున్న సంవత్సరం. విజయదినం, ఎర్ర గుర్తులు అప్పటి నుంచి వేరే రాజకీయాల చేతుల్లోకి వెళ్ళిపోయాయి. అందుకు బ్యాండుని నేను తప్పుపట్టను, వాళ్ళు పాడింది 1945 గురించి. కానీ వినేవాడి చెవి ఇప్పుడు అంత తేలిగ్గా దాన్ని తీసుకోలేదు. చచ్చినవాళ్ళ కోసం ఏడిస్తే ఆ పాటని ఎవరూ ఎత్తుకుపోలేరు. గెలుపు పాటని ఎవరైనా ఎత్తుకుపోతారు.

2016లో ‘ద రెయిన్ ఆఫ్టర్ ద స్నో’. ఇందులో మళ్ళీ పాత దారికి, తీగల దగ్గరికి వచ్చే ప్రయత్నం ఉంది. నాకు నచ్చింది, మొదటి మూడింటంత కాదు.

వినాలనుకునేవాళ్ళు వరసగా మొదటి ఆల్బమ్ నుంచి మొదలుపెట్టకండి, భయపడి వదిలేస్తారు. ముందు ‘ఫర్గెట్ మి నాట్’ వినండి, గొంతు అలవాటవుతుంది. ఆ తర్వాత ‘ద డయరిస్ట్’ మొత్తం ఒకే కూర్చులో, మధ్యలో ఫోన్ చూడకుండా. పాటల సాహిత్యం ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ చెవికి ఒక్క ముక్క అందదు. పక్కన కాగితం పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఒపేరాకి వెళ్ళేవాళ్ళూ అదే చేస్తారు. ‘డివాయిడ్’ చివర్న వినండి.

ఇంకో పది నిమిషాలు ఉన్నాయంటున్నారు. ‘స్నోడ్రిఫ్ట్స్’ పూర్తిగా వేద్దాం, తర్వాత ప్రశ్నలు. సౌండ్ దగ్గర ఉన్న బాబూ, ఇందాక తగ్గించేశావు, ఈసారి అలాగే ఉంచు. పక్క హాలు వాళ్ళు వస్తే నేను మాట్లాడతాను.